చిన్నప్పటి జలపాతాన్ని కాపాడుకోవడానికి నలుగురినీ కదిలించడం ఎలా?

మత్తడి దుంకిన రోజు మా వాడ పిల్లలెవ్వరం బడికి పోయేవాళ్లం కాదు. చెరువు నిండి పొర్లిన నీళ్లు నల్లటి బండల మీదుగా మనిషెత్తు కిందికి పడేవి. మేం దాన్ని దుంకుడు అనేవాళ్లం. ఆ ఊరు ఇప్పుడు హైదరాబాద్‌లో కలిసిపోయింది. బండలున్నాయి, నీళ్లే ఏటేటా తగ్గుతున్నాయి. మీకూ ఇలాంటి చోటు ఒకటి గుర్తుంటే, నాకు పనికొచ్చిన పద్ధతి ఇది.

1. నీళ్లకు ఎదురు నడవండి

అందరూ నీళ్లు పడే చోటే చూస్తారు. ప్రాణం మాత్రం పైన ఉంటుంది. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు మత్తడి దుంకితేనే ఆ నీళ్లు వాగులోంచి కింది చెరువుకు చేరతాయి. మధ్యలో ఎక్కడ కాలువ పూడ్చినా, ప్రహరీ కట్టినా దుంకుడు ఎండుతుంది. పెద్ద వాన వెలిసిన మర్నాడు వాగు వెంట పైకి నడిచి, ఆటంకం కనిపించిన ప్రతిచోటా తేదీతో ఫొటో తీయండి. నురగను దగ్గరగా చూడండి. మంచినీళ్ల నురగ కాసేపటికి విరిగిపోతుంది. బండలకు దూదిలా అంటుకుని ఎంతకీ కరగకపోతే, పైన ఎక్కడో మురుగు, సబ్బునీళ్లు కలుస్తున్నాయేమో వెతకాలి. ఆ నురగ ముందు నిలబడి సెల్ఫీలు దిగేవాళ్లను చూస్తే నాకు గుండె కలుక్కుమంటుంది.

2. పెద్దవాళ్లతో మాట్లాడించండి

చెరువు తూము తీసి కట్టిన నీరటి కుటుంబం, చేపలు పట్టే సంఘం పెద్దలు, కట్ట మైసమ్మకు బోనం తీసే అమ్మలు. వీళ్ల మాటలు ఫోన్‌లో రికార్డు చేయండి. "పెద్దమ్మా, అప్పట్లో నీళ్లు ఎందాకా వచ్చేవి?" అని అడిగితే చేత్తో బండ మీద గీత చూపిస్తారు. ఆ గీతను ఫొటో తీసుకోండి.

3. కాగితాలు పట్టుకోండి

గ్రామ నక్ష (ఊరి పటం), చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే హద్దు) మ్యాపు కావాలి. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) పరిధిలోని చెరువుల మ్యాపులు చాలావరకు వాళ్ల వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. లేకపోతే సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబు అడగొచ్చు. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు బఫర్, అంటే కట్టడాలు రాకుండా వదలాల్సిన జాగా. ఈ రెండు అంకెలు నోటికి వస్తే చాలు, మాట్లాడే తీరే మారుతుంది. ఫిర్యాదును సర్వే నంబరు, ఫొటోలతో కలిపి సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి, రసీదు తీసుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలైతే చెరువుల ఆక్రమణలు చూసే, 2024లో ఏర్పడ్డ ప్రభుత్వ సంస్థ హైడ్రాకు కూడా ఇవ్వండి.

4. లొకేషన్ పంచకండి

ఇది నేను చేసిన తప్పు. మొదట్లో సంబరం పట్టలేక వీడియోతో పాటు దారి కూడా పెట్టాను. ఆ ఆదివారమే జనం విరగబడ్డారు. మర్నాడు చూస్తే మేం జారుడుబండ ఆడిన చోట సీసా పెంకులు, చిప్స్ కవర్లు. పాకురు బండ మీద ఒక కుర్రాడు జారిపడి మోచెయ్యి చీరుకున్నాడని తెలిసి ఆ వీడియో తీసేశాను. అందుకే ఇక్కడ కూడా పేరు రాయడం లేదు. కథ చెప్పండి, పాత ఫొటో పక్కన కొత్తది పెట్టండి, దారి మాత్రం వెంట నడిచేవాళ్లకే చూపించండి.

5. చిన్న నడక పెట్టండి

పదిమంది చాలు. పక్క కాలనీ వాళ్లను, బడిపిల్లలను టీచరుతో సహా పిలవండి. ఒడ్డు నుంచే చూపించండి, ప్రవాహంలోకి దిగనీయకండి. రెయిలింగులు, సిమెంటు మెట్లు కావాలని ఎవరైనా అంటే నచ్చజెప్పండి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి రాళ్లకు మనం చేసే సోకులేమీ అక్కర్లేదు. బతుకమ్మ నాడు ఎలాగూ అందరూ కట్ట మీదికి వస్తారు, పాత ఫొటోలు అక్కడ పెడితే ఆడవాళ్లే గుర్తుపట్టి కథలు అందుకుంటారు.

కట్ట దగ్గర చాయ్ బండి అన్నకు మీ నంబరు ఇచ్చి ఉంచండి. మత్తడి దుంకిన కబురు అందరికంటే ముందు తెలిసేది ఆయనకే.