ఊళ్లో అమ్మానాన్నల కంచం, మనసు: నగరంలో ఉన్న పిల్లలు చూసుకోవలసినవి

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ, ఊళ్లో సేద్యం చేసే తల్లిదండ్రులకు రాత్రిపూట ఫోను చేసే మనలాంటివారికి "పాణం సుస్తుగున్నది బిడ్డా, ఏ పని మీదికీ మనసు పోతలేదు" అన్న మాట కొత్తది కాదు. అప్పుల దిగులనో, వయసనో అనుకుని ఊరుకుంటాం. దిగులుకు కారణాలు నిజంగానే ఉంటాయి. వాన, పంట ధర, వడ్డీ తిండితో మారేవి కావు. కానీ రక్తం తక్కువైనప్పుడు, బి12 విటమిన్ అడుగంటినప్పుడు వచ్చే నీరసం, చిరాకు, మతిమరుపు అచ్చం కుంగుబాటులాగే కనిపిస్తాయి, ఉన్న కుంగుబాటును ఇంకా బరువు చేస్తాయి. మనసు తీరును నడిపే సెరటోనిన్, డోపమిన్ అనే రసాయనాలు మెదడులో తయారు కావడానికి ఇనుము, ఫోలేట్ (మాత్రల్లో ఫోలిక్ ఆమ్లంగా దొరికే బి విటమిన్), బి12 అవసరం.

మొదట చేయవలసినది మందు కొనడం కాదు, అడగడం. "తిన్నవా?" అంటే "తిన్న" అనే జవాబే వస్తుంది. "పొద్దున ఏం తిన్నవు, చేనుకు సద్దిలోకి ఏం కట్టుకున్నవు, రాత్రి కూర ఏంది?" అని మూడు రోజులు వరుసగా అడిగి కాగితం మీద రాసుకోవాలి. మా అమ్మను అలా అడిగి నేను రాసుకున్నవి అన్నం, పచ్చిపులుసు, మామిడికాయ తొక్కు, రోజుకు నాలుగైదు సార్లు చాయ. ఒకప్పుడు మా చేనులో జొన్నతో పాటు కంది, పెసర, అనుము పండేవి. కలుపు తీసి వస్తూ ఆమె ఒడిలో గంగవాయిలి కూర తెచ్చేది. ఇప్పుడు గట్టు దాకా పత్తి, కలుపుకు మందు. కూర కొనుక్కోవలసిన వస్తువైంది.

తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపరీక్ష చేయించాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ స్త్రీలకు 12, పురుషులకు 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతగా లెక్కిస్తారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి అది ఉంది. పెద్దవారైతే బి12, థైరాయిడ్ కూడా చూపించండి. చక్కెర వ్యాధికి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బి12 తగ్గే అవకాశముంది. ఫోలిక్ ఆమ్లం మాత్రలు మాత్రమే కొని వేయవద్దు. రక్తం మెరుగైనట్టు కనిపించినా, బి12 లోపం లోలోపల నరాలను దెబ్బతీస్తూనే ఉంటుంది.

కంచంలో మార్పు కొత్త వస్తువులతో కాదు, పాత పంటలతోనే మొదలుపెట్టాలి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు; సజ్జల్లో 6 మిల్లీగ్రాములకు పైగా, జొన్నల్లో దాదాపు 4 ఉన్నాయి. అదే సంస్థ లెక్కన స్త్రీకి రోజుకు కావలసిన ఇనుము 29 మిల్లీగ్రాములు. వారానికి నాలుగు పూటలైనా జొన్న రొట్టె లేదా గట్క, మొలకెత్తిన పెసలు, తోటకూర, మునగాకు ఉండేలా చూడండి. పప్పులో నిమ్మరసం పిండినా, పక్కన ఉసిరికాయ తిన్నా ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో పాటు చాయ తాగితే ఇనుము ఒంటబట్టడం బాగా తగ్గుతుంది కాబట్టి కనీసం గంట ఎడం ఉండాలి. మా ఇంట్లో అన్నిటికంటే కష్టమైన మార్పు ఇదే.

రేషన్ బియ్యంలో కాస్త రంగు తేడాగా ఉన్న గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తుంటారు. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలు. ఏరవద్దు, గంజి వంచవద్దు.

సహజంగా బి12 దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. పాలన్నీ పాలకేంద్రానికి పోసి, గుడ్లన్నీ అమ్మేసి, చివరికి మిగిలిన పులుసుతో తినేది ఇంటి ఆడమనిషే. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు ఆమె పేరున తీసిపెట్టమని నాయినకు మనమే చెప్పాలి. పండుగకు వెళ్లేటప్పుడు మిఠాయి డబ్బాకు బదులు ఎర్రగడ్డ రైతుబజారు నుంచి నువ్వులు, ఉసిరికాయలు తీసుకెళ్లండి.

ఇవన్నీ చేసినా రెండు వారాలకు మించి దిగులు వీడకపోతే, లేదా "నేను లేకుంటేనే మీకు సుఖం" వంటి మాట ఒక్కసారి వినపడినా, తిండి మీద భారం వేసి ఆగకూడదు. ఎర్రగడ్డలోని మానసిక ఆసుపత్రి పేరెత్తితేనే పెద్దలు బెదిరిపోతారు గనుక ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్‌కు (14416) ఫోను కలిపి మాట్లాడించండి; రోజంతా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అదే రోజు పురుగుమందు డబ్బాలను ఇంట్లోంచి తీయించి, వేరేచోట పెట్టెలో వేయించి, తాళంచెవి చిన్నాన్న చేతికో నమ్మకమైన పొరుగువారి చేతికో ఇప్పించండి.