సాలరీ క్యాప్ సొంతంగా నేర్చుకుందాం – పాఠం 4: చేతికిచ్చింది 75, లెక్కలో రాసింది 22

అమెరికన్ ఫుట్‌బాల్ లీగైన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక టీమ్ ఒక ఏడాదికి ఆటగాళ్ల కింద పద్దు రాసుకోగలిగే గరిష్ఠ మొత్తమే సాలరీ క్యాప్. ముందు గత పాఠంలో వదిలిన ప్రశ్న సంగతి చూద్దాం. ఏప్రిల్ నెలలో ఒక టీమ్ 2 మిలియన్ డాలర్ల క్యాప్ ఖర్చుతో కొత్త ఆటగాణ్ణి తీసుకుంటే, ఆ టీమ్‌కు క్యాప్‌లో మిగిలిన చోటు ఎంత తగ్గుతుంది? 2 అని రాసుకుని ఉంటే మళ్లీ ఆలోచించండి. సీజన్ మొదలయ్యేదాకా ఎన్‌ఎఫ్‌ఎల్ అందరి జీతాలూ కూడదు, పెద్దవి 51 మాత్రమే కూడుతుంది. కొత్తవాడు చేరగానే 51వ స్థానంలో ఉన్నవాడు కిందికి జారిపోతాడు. వాడిది 2025 నాటి కనీస జీతం 8,40,000 డాలర్లు అనుకుంటే నికరంగా తగ్గేది 1.16 మిలియన్లే. మార్చి, ఏప్రిల్‌లలో టీమ్ వరసపెట్టి చిన్న చిన్న సంతకాలు చేయిస్తున్నా క్యాప్ పెద్దగా కదలనట్టు కనిపించేది ఇందుకే.

ఇక ఈ పాఠం పని. పేపర్లో "నాలుగేళ్లకు 160 మిలియన్లు" అని పడిన వార్తను ఏ ఏడాది క్యాప్‌లో ఎంత పడుతుందో చెప్పే అంకెగా మార్చడం. ఇది చేతకాకపోతే డాలస్ కౌబాయ్స్ అనే ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ గురించి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో, ప్లానోలో, ఇర్వింగ్‌లో మన తెలుగువాళ్లు ఆదివారం బిర్యానీ ముందు పెట్టుకుని చేసే వాదనల్లో సగం గాల్లోనే తేలిపోతాయి. పెన్నూ కాగితం దగ్గర పెట్టుకోండి. కూడికలు, భాగహారాలు తప్ప వేరే గణితం అక్కర్లేదు.

మన బుర్రలో ఐపీఎల్ లెక్క పాతుకుపోయి ఉంటుంది కాబట్టి ముందు దాన్ని పక్కకు జరపాలి. 2025 సీజన్ వేలానికి ముందు సన్‌రైజర్స్ ఐదుగుర్ని అట్టేపెట్టుకుంది. క్లాసెన్‌కు 23 కోట్లు, కమిన్స్‌కు 18, అభిషేక్ శర్మకు, హెడ్‌కు చెరో 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6. మొత్తం 75. పర్సు 120 కోట్లు కాబట్టి వేలానికి మిగిలింది 45. అంతే. ఇచ్చిన డబ్బూ లెక్కలో రాసిన డబ్బూ ఒకటే, ఏడాదీ అదే. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఈ రెండూ వేర్వేరు పుస్తకాలు. చెక్కు ఎప్పుడు ఇచ్చారన్నది ఒక పుస్తకంలో ఉంటుంది, ఏ ఏడాది పద్దులో రాశారన్నది ఇంకో పుస్తకంలో ఉంటుంది. క్యాప్ చూసేది రెండో పుస్తకాన్నే.

డాక్ ప్రెస్కాట్, 2021

2021 మార్చిలో కౌబాయ్స్ తన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆటను నడిపేవాడు) డాక్ ప్రెస్కాట్‌తో నాలుగేళ్లకు 160 మిలియన్ల ఒప్పందం కుదుర్చుకుంది. సమయం చూడండి. కోవిడ్ దెబ్బకు లీగ్ ఆదాయం పడిపోయి, 2020లో 198.2 మిలియన్లున్న క్యాప్ 2021లో 182.5కి దిగింది. టీమ్‌లన్నీ మనుషుల్ని వదిలించుకుంటున్న ఏడాదిలో కౌబాయ్స్ డాక్‌కు మొదటి సంవత్సరమే 75 మిలియన్లు ఇచ్చింది. అందులో 66 సంతకం బోనస్, 9 జీతం.

మరి క్యాప్‌లో ఎంత పడింది? జీతం ఆ ఏడాదిదే కాబట్టి 9 మొత్తం ఆ ఏడాదే పడుతుంది. సంతకం బోనస్‌ను మాత్రం ఒప్పందం నడిచే ఏళ్లకు సమానంగా పంచి రాసుకోవచ్చు, గరిష్ఠంగా ఐదేళ్లకు. 66ను 5తో భాగిస్తే 13.2. దానికి 9 కలపండి: 22.2. ఇచ్చింది 75, రాసింది 22.2. ఈ రెండు అంకెలూ మీ కాగితం మీద పక్కపక్కనే రాసుకోండి, ఈ పాఠమంతా వాటి మధ్య ఉన్న తేడా గురించే.

ఇక్కడ మీకో అనుమానం రావాలి. ఒప్పందం నాలుగేళ్లయితే ఐదో భాగం ఎక్కడికి పోయింది? 2025లోకి. ఆట ఆడే ఉద్దేశం లేని ఉత్తుత్తి ఏళ్లను ఒప్పందం చివర తగిలిస్తారు. వాటిని వాయిడ్ ఇయర్స్ అంటారు. బోనస్‌ను పంచడానికి ఇంకో గది దొరకడం తప్ప వాటికి వేరే పని లేదు.

ఇదంతా మనకు కొత్తేం కాదు, చిట్టీ పాట పాడుకోవడమే. మొదటి నెలల్లోనే మొత్తం చేతికొస్తుంది, వాయిదాలు మాత్రం చివరిదాకా కడుతూ ఉంటాం. పాడుకున్నవాడు మధ్యలో ఊరొదిలి వెళ్తానంటే మిగిలిన వాయిదాలన్నీ ఒక్కసారి కక్కాల్సిందే. ఆటగాణ్ణి మధ్యలో వదిలేసినప్పుడు కూడా అదే జరుగుతుంది, కక్కేది మాత్రం టీమ్.

రీస్ట్రక్చర్: జీతానికి వేషం మార్చడం

2024 సెప్టెంబర్ 8న, క్లీవ్‌లాండ్‌లో మొదటి మ్యాచ్ రోజునే, డాక్ ఇంకో ఒప్పందం చేసుకున్నాడు. నాలుగేళ్లకు 240 మిలియన్లు, అంటే ఏడాదికి సగటున 60. సంతకం బోనస్ 80. ఐదు భాగాలు చేస్తే ఏడాదికి 16.

2025 వచ్చేసరికి అతని ఒక్కడి క్యాప్ అంకె, అంటే ఆ ఏడాది పద్దులో అతని పేరు మీద పడే మొత్తం, 89 మిలియన్లు దాటి కూర్చుంది. ఆ ఏడాది లీగ్ క్యాప్ 279.2. దాదాపు మూడో వంతు ఒక్కడికే. అప్పుడు కౌబాయ్స్ చేసింది చాలా సులువైన పని. అతనికి ఆ ఏడాది ఎలాగూ ఇవ్వాల్సిన జీతంలో 45.75 మిలియన్లను బోనస్ అని పేరు మార్చారు. బోనస్ కాబట్టి పంచొచ్చు. 45.75ను 5తో భాగిస్తే 9.15. ఈ ఏడాది పడేది అదొక్కటే. మిగతా 36.6 మిలియన్లు తర్వాతి ఏళ్లలోకి వెళ్లాయి. డాక్‌కు ఒక్క డాలరూ తగ్గలేదు, పైగా డబ్బు ముందే చేతికొచ్చింది. అందుకే "ఆటగాడు పెద్ద మనసు చేసుకుని రీస్ట్రక్చర్‌కు ఒప్పుకున్నాడు" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. జీతం కోతకు ఒప్పుకోవడం వేరే సంగతి, అది చాలా అరుదు.

సూత్రం రాసుకోండి: మార్చిన మొత్తంలో ఐదింట నాలుగు వంతులు ఈ ఏడాది ఆదా, ఒక వంతు ఈ ఏడాది ఖర్చు. పంచడానికి ఐదేళ్లు లేక నాలుగే ఉంటే నాలుగింట మూడు వంతులే ఆదా.

ఇప్పుడు వెనక మిగిలిన బరువు చూడండి. 80 మిలియన్ల బోనస్ తాలూకు 16, మార్చిన జీతం తాలూకు 9.15, కలిపితే 25.15. 2025 నుంచి 2028 దాకా ప్రతి ఏడూ, ఆ ఏటి జీతం ఒక్క రూపాయి కూడా కలపకముందే, ఈ రెండు బోనస్‌ల కిందే ఇంత పడుతుంది. పాత ఒప్పందం తోకలు ఇంకా వేరే. క్యాప్ అంతా బూటకం అనే అభిమానులు మొదటి భాగహారం దగ్గర ఆగిపోతారు. క్యాప్ ఉంది కాబట్టి ఏమీ చేయలేం అనేవాళ్లు ఆ భాగహారం దాకానే రారు.

డెడ్ మనీ: ఎలియట్‌ను వదిలినప్పుడు

అభిమానులు జీక్ అని పిలిచే రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ఎజెకియల్ ఎలియట్‌కు 2019 సెప్టెంబర్‌లో ఆరేళ్లకు 90 మిలియన్ల పొడిగింపు ఇచ్చారు. మధ్యలో అతని జీతాన్నీ రీస్ట్రక్చర్ చేశారు. 2023 మార్చిలో వదిలేశారు. ఆ ఏడాది అతని క్యాప్ అంకె 16.72 మిలియన్లు: జీతం 10.9, పాత బోనస్‌ల వాటా 5.82. తర్వాతి ఏళ్లలో ఇంకా రాయాల్సిన వాటా 6.04.

జీతం ఇవ్వక్కర్లేదు కాబట్టి 10.9 పోయింది. కానీ ఇప్పటికే చేతికిచ్చేసిన బోనస్‌లు ఎక్కడికీ పోవు. మనిషి వెళ్లిపోయినా పద్దులో పడే ఈ డబ్బే డెడ్ మనీ. మామూలుగా వదిలితే 5.82, 6.04 రెండూ ఒకేసారి ఆ ఏడాది మీద పడతాయి: 11.86. అప్పుడు నికర ఆదా 4.86 మాత్రమే. జూన్ 1 తర్వాత వదిలినట్టు లెక్క రాయమంటే మాత్రం 5.82 ఈ ఏడాది, 6.04 వచ్చే ఏడాది పడతాయి. ఆదా 10.9. కౌబాయ్స్ రెండోదే ఎంచుకుంది. ఒక్కో టీమ్‌కు ఏడాదికి ఇలాంటి సడలింపులు రెండే.

అభిమానులు తరచూ మరిచిపోయేది ఇక్కడుంది. ఆ 10.9 మిలియన్ల చోటు నిజంగా చేతికొచ్చేది జూన్‌లో. మంచి ఆటగాళ్ల బేరాలు మార్చి రెండు వారాల్లో ముగిసిపోతాయి. "జీక్‌ను పంపేశారుగా, ఆ డబ్బుతో ఫలానావాణ్ణి తెచ్చుకోవచ్చు" అని మార్చి 16న వాదించేవాణ్ణి ఒక్క మాట అడగండి: ఏ నెలలో?

డెన్వర్ టీమ్ 2024లో క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్‌ను వదిలినప్పుడు మొత్తం 85 మిలియన్ల డెడ్ మనీ పడింది. 2024లో 53, 2025లో 32. అంత మోసినా డెన్వర్ ఆ 2024లోనే ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. డెడ్ మనీ పడితే టీమ్ పని అయిపోయినట్టే అనేది కూడా వట్టి మాటే.

అసలు వాదన: పార్సన్స్

ఇప్పుడు నేర్చుకున్నది వాడి చూద్దాం. 2025 ఆగస్టు 28న కౌబాయ్స్ తన డిఫెన్స్ స్టార్ మైకా పార్సన్స్‌ను గ్రీన్ బే ప్యాకర్స్‌కు పంపేసింది. బదులుగా రెండు మొదటి రౌండ్ పిక్‌లు (కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే వంతులు), ఆటగాడు కెన్నీ క్లార్క్ వచ్చారు. పార్సన్స్‌తో ప్యాకర్స్ నాలుగేళ్లకు 188 మిలియన్ల ఒప్పందం చేసుకుంది, సగటు 47. ఆ వారమంతా డాలస్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో ఇదే గోల.

ఒకాయన వాదన, ఇంకో ఖరీదైన కౌబాయ్స్ ఆటగాడు సీడీ లాంబ్‌నూ కలుపుకుని, ఇలా సాగుతుంది: "డాక్ 60, లాంబ్ 34, వీడు 47. మొత్తం 141. క్యాప్ 279. ముగ్గురికే సగం పోస్తే మిగిలిన యాభై మంది గాలి తిని బతకాలా బాబాయ్?"

వినడానికి బలంగానే ఉంది. కానీ ఆయన సగటుల్ని కూడి ఒక ఏడాది క్యాప్‌తో పోల్చాడు. సగటు ఏ ఏడాది పద్దులోనూ పడదు. ఆ ఏడాది అంకె చూద్దాం. గ్రీన్ బేలో పార్సన్స్ సంతకం బోనస్ 44 మిలియన్లు, 5తో భాగిస్తే 8.8. 2025 జీతం 1.17. కలిపితే 9.97. సంతకం పెట్టకుండా డాలస్‌లోనే ఉండిపోయి ఉంటే? ఐదో ఏడాది ఆప్షన్ (తొలి ఒప్పందాన్ని టీమ్ ఇంకో ఏడాది పొడిగించుకునే హక్కు) కింద సుమారు 24 మిలియన్లు మొత్తం అదే ఏడాది పడేది. అంటే 47 మిలియన్ల సగటు ఇచ్చి కొత్త ఒప్పందం రాయించుకుంటే, ఆ ఏడాది కౌబాయ్స్ క్యాప్‌లో చోటు తగ్గడం కాదు, పెరిగేది. 2025లో చోటు లేక పంపించారన్న వాదన ఇక్కడికి ముగిసింది.

దీని తర్వాత ఆయనకు ఒక మంచి జవాబు మిగిలే ఉంది: 2027, 2028ల సంగతేంటి? అది నిజమైన ప్రశ్న. ఆ ఏళ్లలో డాక్ పాత బోనస్‌లూ, లాంబ్‌వీ, పార్సన్స్ ఉండి ఉంటే అతనివీ ఒకదాని మీద ఒకటి పడేవి. ఎదురుగా క్యాప్ కూడా పెరుగుతోందని చెప్పాలి. 2024లో 255.4 ఉన్నది ఏడాదిలోనే 23.8 పెరిగింది. ఎవరు ఒప్పో ఇక్కడ లెక్క తేల్చదు. ముగ్గురు పెద్ద జీతగాళ్లతో టీమ్ కట్టడం మంచి పనేనా అన్నది ఆట గురించిన అభిప్రాయం. క్యాప్ పేరు చెప్పి ఆ అభిప్రాయాన్ని దాచుకోకుండా ఉంటే చాలు.

నా అభిప్రాయం అడిగితే, తప్పు ఆగస్టులో జరగలేదు. ఆలస్యం దగ్గర జరిగింది. 2025 మార్చిలో పార్సన్స్‌లాగే డిఫెన్స్‌లో ఆడే మాక్స్ క్రాస్బీ 35.5 సగటుకు సంతకం చేశాడు. అదే నెలలో మైల్స్ గారెట్ 40కి వెళ్లాడు. జులైలో టి.జె. వాట్ 41కి. పార్సన్స్ 47 అయ్యాడు. ప్రతి సంతకం తర్వాతివాడి బేరానికి మెట్టు అవుతుందని తెలిసీ కౌబాయ్స్ ప్రతిసారీ చివరిదాకా లాగుతుంది. 2020లో డాక్‌కూ ఇదే చేసి, 31.4 మిలియన్ల ట్యాగ్ (ఆటగాణ్ణి ఒక్క ఏడాదికి కట్టేసుకునే ఏర్పాటు) మీద ఆడించి, తర్వాత ఎక్కువ ఇచ్చుకుంది. (ట్రేడ్ జరిగిన నెలకే ప్యాకర్స్ డాలస్ వచ్చి ఆడితే 40–40తో టై అయింది. ఆ రాత్రి రెండు పక్షాల వాదనకూ బలం దొరకలేదు.)

ట్రేడ్‌లో ఇంకో నియమం గుర్తుంచుకోండి. బోనస్ వాటా ఇచ్చిన టీమ్ దగ్గరే ఉండిపోతుంది, జీతం మాత్రం మనిషితో పాటు వెళ్తుంది. క్లార్క్ డాలస్ వస్తే అతని జీతమే కౌబాయ్స్ పద్దులోకి వచ్చింది, పాత బోనస్‌ల బరువు గ్రీన్ బే మోసింది. పార్సన్స్ తొలి ఒప్పందం బోనస్ వాటాలు 2024తోనే అయిపోయాయి కాబట్టి డాలస్‌కు అతని తాలూకు డెడ్ మనీ మిగల్లేదు.

ఇంటి పని

ఒకటి: 2025 మార్చిలో సీడీ లాంబ్ ఒప్పందాన్ని కూడా డాక్‌దానిలాగే తిప్పి 20 మిలియన్ల చోటు చేశారు. ఐదేళ్లకు పంచారనుకుని, ఎంత జీతాన్ని బోనస్‌గా మార్చి ఉంటారో వెనక్కి లెక్క కట్టండి.

రెండు: 2025 నవంబర్‌లో కౌబాయ్స్ క్విన్నెన్ విలియమ్స్‌ను న్యూయార్క్ జెట్స్ నుంచి ట్రేడ్‌లో తెచ్చింది. సీజన్ సగంలో వచ్చినవాడి జీతం కౌబాయ్స్ పద్దులో మొత్తం పడుతుందా, కొంతే పడుతుందా? ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జీతాలు వారం వారం ఇస్తారన్నది మీకున్న ఆధారం.

మూడోది కాస్త కష్టం. 2010లో లీగ్‌కు అసలు క్యాప్ లేదు. ఆ ఏడాది పద్దులోకి ఒప్పందాల డబ్బును దింపుకున్న తీరుకు రెండేళ్ల తర్వాత కౌబాయ్స్‌కు 10 మిలియన్లు, వాషింగ్టన్‌కు 36 మిలియన్లు క్యాప్‌లో కోత పెట్టారు. క్యాప్ లేని ఏడాదిలో ఎక్కువ డబ్బు పద్దు రాసుకుంటే ఒక టీమ్‌కు ఏం లాభం? డాక్ 75, 22.2 అంకెల్ని తలకిందులు చేసి ఆలోచించండి. జవాబులు అయిదో పాఠంలో, ఫ్రాంచైజ్ ట్యాగ్ మొదలుపెట్టేముందు.