మూత మూసి మళ్ళీ తెరవమనండి: జర్మనీ వెళ్లే మన వరంగల్ పిల్లలకు, పాత ల్యాప్‌టాప్ గురించి

మొన్న సెలవుల్లో హన్మకొండ వచ్చినప్పుడు మా వీధిలోని ఒక తమ్ముడు ల్యాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు. వచ్చే నెలలోనే ప్రయాణం. నేను చదివిన ఊరికే పోతున్నాడు, కెమ్నిట్స్‌కు. "అన్నా, షాపులో చూపిస్తే స్క్రీన్ పోయిందన్నరు. ఆరు వేలు అడుగుతున్నరు. ఇక్కడే మార్పించుకొని పోవాల్నా, అక్కడికి పోయినంక మార్పించుకోవాల్నా?" అన్నాడు. కొని పది రోజులు కాలేదు, అదీ సెకండ్ హ్యాండ్‌ది.

"పోయిందని ఎట్ల చెప్పిన్రు? ఏం చేసి చూసిన్రు?" అని అడిగాను. ఆన్ చేశారట, గీతలు కనిపించాయట, ఆరు వేలు అన్నారట. అంతే. వాళ్ల అమ్మ అప్పటికే డబ్బులు తీసి పక్కన పెట్టింది.

మా హాల్లో టీవీకి ఉన్న హెచ్‌డీఎంఐ కేబుల్ పీకి ల్యాప్‌టాప్‌కు పెట్టాను. టీవీలో బొమ్మ శుభ్రంగా ఉంది. ల్యాప్‌టాప్ మీద మాత్రం కింది సగంలో సన్నటి ఆకుపచ్చ గీతలు, ఉండుండి వణుకుతున్నాయి. మూత పై అంచును మధ్యలో పట్టుకుని మెల్లగా వెనక్కి వంచాను. నిటారు దాటి కాస్త వాలగానే గీతలు మాయం. ఇంకో వేలెడు వంచితే మళ్ళీ వచ్చాయి. వాణ్నే పట్టుకోమన్నాను. ముందుకు, వెనక్కి, మళ్ళీ ముందుకు. అదే చోట వస్తున్నాయి, అదే చోట పోతున్నాయి. గాజులో లోపముంటే మూత వంచినందుకు బాగుపడదు. పోయింది స్క్రీన్ కాదు, స్క్రీన్‌కు వెళ్లే కేబుల్.

పావుగంట పని ఇది. 2016లో నాకు ఈ పావుగంట ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడాది అక్టోబరులో కెమ్నిట్స్‌లో దిగాను. ఇంటి నుంచి తెచ్చుకున్న ల్యాప్‌టాప్ నెల తిరక్కుండానే ఆగిపోయింది. నెట్‌లో ప్రకటన చూసి 160 యూరోలకు ఒకటి బేరం చేశాను. నవంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. అమ్మే మనిషి రైల్వే స్టేషన్‌కు రమ్మన్నాడు. నేను వెళ్లేసరికి ల్యాప్‌టాప్ బెంచీ మీద తెరిచి ఉంది, వీడియో కూడా నడుస్తోంది. చలిలో నన్ను నిలబెట్టకూడదని అన్నీ సిద్ధం చేశాడనుకున్నాను. డబ్బులిచ్చి, మూత మూసి, సంచీలో పెట్టుకున్నాను. గదికి వచ్చి తెరిస్తే స్క్రీన్ వణుకుతోంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

రిపేరు షాపుకు తీసుకెళ్తే డిస్‌ప్లే పోయిందన్నారు. 120 యూరోలు పెట్టి మార్పించాను. వారం బాగుంది. తర్వాత మళ్ళీ అదే వణుకు. ఫిబ్రవరిలో పరీక్షలు. నాన్న ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మి కట్టిన డబ్బులవి. ఇంటికి ఫోన్ చేసినప్పుడల్లా బాగానే ఉందని చెప్పేవాణ్ని. రాత్రి ఎనిమిదింటి దాకా లైబ్రరీ కంప్యూటర్ల దగ్గర కూర్చుని చదివాను. చివరికి ఒక సీనియర్ అక్క రిపేర్ కఫేకు, అంటే వాలంటీర్లు పాత వస్తువులు బాగు చేసే చోటికి, తీసుకెళ్లింది. అక్కడ ఒక పెద్దాయన మూతను రెండుసార్లు ఊపి చూసి, "వాకెల్‌కోంటాక్ట్" అన్నాడు. వదులైన కనెక్షన్‌కు వాళ్లు వాడే మాట అది. కేబుల్ 18 యూరోలు. డిస్‌ప్లేకు పెట్టిన 120 ఊరికే పోయాయి.

అందుకే సిమ్ కార్డు, బ్యాంకు, ఆన్మెల్డుంగ్ (అక్కడ చిరునామా నమోదు) గురించి నేను రాయను. అవి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను మూత గురించే రాస్తాను.

ల్యాప్‌టాప్‌లో మదర్‌బోర్డు కింద ఉంటుంది, స్క్రీన్ పైన ఉంటుంది. బొమ్మను కింది నుంచి పైకి మోసుకెళ్లే సన్నటి కేబుల్ హింజ్ (మూత తిరిగే కీలు) పక్కనుంచో, హింజ్ లోంచో వెళ్తుంది. కొత్త వాటిలో దీన్ని ఈడీపీ కేబుల్ అంటారు. మీరు మూత తెరిచిన ప్రతిసారీ అది వంగుతుంది, మూసిన ప్రతిసారీ ముడుచుకుంటుంది. నాలుగైదేళ్లు వాడిన మెషీన్‌లో అది ఎన్ని వేలసార్లు వంగి ఉంటుందో ఆలోచించండి. హింజ్ బిగుసుకుపోతే ఇంకా ప్రమాదం. లోపల ప్లాస్టిక్ విరిగి, మూత మూలలో పెచ్చు లేచి, కేబుల్ నలిగిపోతుంది. కొందరు ఆ విరిగిన చోట జిగురు పెట్టి అమ్ముతారు. హింజ్ దగ్గర గోరుతో తడిమి చూడండి, జిగురు గరుకుగా తగులుతుంది.

ఎక్కడ కొన్నా సరే, హన్మకొండ చౌరస్తాలో కొన్నా కెమ్నిట్స్‌లో కొన్నా, మీరు వెళ్లేసరికే మూత తెరిచి ఉంటే ముందు మూయమనండి. మళ్ళీ తెరవమనండి. తర్వాత మీరే తెరవండి. మొత్తం తెల్లటి పేజీ ఒకటి పెట్టి, పూర్తిగా మూసిన దగ్గర్నుంచి అది వెళ్లినంత వెనక్కి మెల్లగా, ఇరవై సార్లు. కళ్లు స్క్రీన్ మీద నుంచి తియ్యకండి. ఒక్కసారి మెరిసినా, ఒక్క గీత వచ్చినా, రంగు ఒక్క క్షణం గులాబీగా మారినా వదిలేయండి, లేదా కేబుల్ ఖర్చు ధరలో తగ్గించమనండి. అమ్మే మనిషి విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. మొహమాటపడి డబ్బులిచ్చేసి, రాత్రికి నాకు ఫోటోలు పంపి "అన్నా ఇదేంది" అంటే నేనేం చెయ్యగలను?

కొందరు యాపిల్ అయితే ఈ బాధ ఉండదనుకుంటారు. అది నిజం కాదు. 2016 పదమూడు అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోలో కేబుల్ ఇలాగే అరిగి, స్క్రీన్ అడుగున నాటకం స్టేజీ లైట్లలా వెలుగు మచ్చలు వచ్చేవి. ఆ మోడల్‌కు ఉచితంగా బాగు చేస్తామని 2019 మేలో యాపిలే ప్రకటించాల్సి వచ్చింది. చవగ్గా దొరుకుతోంది కదా అని ఆ ఏడాది మోడల్ కొనకండి.

ఇప్పటికే కొనేసి, గీతలతో కూర్చున్నవాళ్ల సంగతి చూద్దాం. పోయింది ఏ భాగమో తేలకుండా ఒక్క రూపాయి, ఒక్క యూరో కూడా ఇవ్వకండి.

ముందు స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌కు పంపుకోండి. ఫోన్‌లో కూడా గీతలు కనిపిస్తే బొమ్మ తయారయ్యే దగ్గరే తేడా ఉంది, అంటే బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ చిప్పో, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవరో. ఫోన్‌లో శుభ్రంగా ఉంటే తేడా చాలావరకు ఆ తర్వాతి దారిలో, అంటే కేబుల్‌లోనో స్క్రీన్‌లోనో ఉంటుంది. తర్వాత టీవీకో మానిటర్‌కో కలిపి చూడండి. అక్కడా గీతలుంటే గ్రాఫిక్స్ వైపు అనుమానించండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో హెచ్‌డీఎంఐ ఒక చిప్పు నుంచి, లోపలి స్క్రీన్ ఇంకో చిప్పు నుంచి నడుస్తాయి. అలాంటి వాటిలో ఈ ఒక్క పరీక్షతో తీర్పు చెప్పకండి.

ఆ తర్వాత బయోస్, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్. ఆన్ చేయగానే డెల్, ఏసర్, ఆసుస్ అయితే ఎఫ్2, హెచ్‌పీ అయితే ఎస్కేప్ నొక్కండి. విండోస్ ఇంకా మొదలవని ఆ స్క్రీన్ మీదే గీతలుంటే డ్రైవర్ తప్పు కాదు. మళ్ళీ మళ్ళీ విండోస్ వేయించి రోజులు పాడు చేసుకోకండి. డెల్ వాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. డి అక్షరం నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే స్క్రీన్ తనను తానే పరీక్షించుకుంటుంది, రంగులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆ రంగుల్లోనూ గీతలుంటే, మూత కదిపినా అవి కదలకుంటే, అప్పుడు నమ్మండి స్క్రీన్ పోయిందని. పైనుంచి కింద దాకా ఒకే చోట నిలబడి ఉండే నిలువు గీత ఎక్కువగా స్క్రీన్‌దే, దాన్ని మార్చడమే దారి. మార్చేటప్పుడు పాత స్క్రీన్ వెనుక స్టిక్కర్ మీది మోడల్ నంబరు, కనెక్టర్ 30 పిన్నులా 40 పిన్నులా అన్నది చూసి అదే తెప్పించుకోండి. సైజు ఒకటే కదా అంటే కుదరదు.

చిన్న విషయాలు త్వరగా చెప్పేస్తాను. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్ళీ మొదలవుతుంది. అప్పుడప్పుడు వచ్చే గజిబిజి దాంతోనే పోవచ్చు. స్క్రీన్ మొత్తం నల్లగా ఉంటే టార్చ్ లైట్ ఏటవాలుగా కొట్టండి, లోపల బొమ్మ మసకగా కనిపిస్తే పోయింది వెనక వెలుగు మాత్రమే. ఛార్జర్ తీయగానే వెలుతురు తగ్గుతూ పెరుగుతూ ఉంటే ఇంటెల్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో డిస్‌ప్లే పవర్ సేవింగ్స్ ఆపి చూడండి. ర్యామ్ వదులైనా బొమ్మ చెడుతుంది. రంగురంగుల చుక్కలు, గళ్లు వచ్చి, వేడెక్కేకొద్దీ పెరుగుతుంటే అది గ్రాఫిక్స్ చిప్పు. వేడి గాలి పట్టి బాగు చేస్తామంటారు, ఆ బాగు కొన్నాళ్లే. దాని మీద డబ్బులు పెట్టకండి, అమ్మినవాళ్లకే తిరిగి ఇచ్చే దారి చూడండి.

వీడియో చూసి స్క్రూడ్రైవర్ పట్టే తమ్ముళ్లకు ఒక మాట. బ్యాటరీ కనెక్షన్ తీయకుండా ఆ స్క్రీన్ కేబుల్‌ను ముట్టుకోవద్దు. వెనక వెలుగుకు వెళ్లే కరెంటు కూడా అందులోనే ఉంటుంది. ఆన్‌లో ఉండగా పీకితే బోర్డు మీది ఫ్యూజు పోవచ్చు. అప్పుడు 18 యూరోల పని మదర్‌బోర్డు రిపేరు అవుతుంది.

అక్కడ చలి సంగతి మనవాళ్లకు తట్టదు. డిసెంబరులో బయట సున్నా కంటే తక్కువ ఉన్నప్పుడు ల్యాప్‌టాప్ మోసుకొచ్చి, హీటర్ ఉన్న గదిలో వెంటనే తెరిస్తే లోపల తేమ పడుతుంది. సంచీలోనే ఒక గంట ఉంచి తీయండి.

కొనేటప్పుడు ప్రకటనలో "ఫ్యూర్ బాస్ట్లర్" అని ఉంటే రిపేర్లు చేసుకునేవాళ్ల కోసం అని, అంటే చెడిపోయిందని అర్థం. మామూలు మనిషి దగ్గర కొంటే, తర్వాత నాకు బాధ్యత లేదని ప్రకటనలో రాసుకునే వీలు అతనికి ఉంది. దుకాణంలో కొంటే పాత వస్తువుకైనా కనీసం ఏడాది బాధ్యత వాళ్లదే, చట్టమే చెబుతుంది. ఇరవై ముప్పై యూరోలు ఎక్కువైనా దుకాణంలోనే కొని బిల్లు దాచుకోండి. ఇప్పుడు వీసా కోసం ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంతే తీసుకోగల ఖాతాలో, చూపించాలి, నెలకు చేతికొచ్చేది 992. అద్దె కట్టాక ఒక తప్పుడు రిపేరు ఆ నెల తిండిని తినేస్తుంది.

ఇంత టెన్షన్ పెట్టాను కాబట్టి ఇదీ చెప్పాలి. స్క్రీన్ నిజంగానే పోయినా ల్యాప్‌టాప్ పోయినట్టు కాదు. పాత మానిటర్ ఒకటి తెచ్చి కలిపితే చదువు ఆగదు. నాకు తెలిసిన ఒక చెల్లె థీసిస్ మొత్తం అలాగే రాసింది. రిపేర్ కఫేలు అక్కడ చాలా ఊళ్లలో ఉన్నాయి. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన పద్ధతి అది. వాలంటీర్లు పక్కన కూర్చోబెట్టుకుని బాగు చేస్తారు. విడిభాగం ఖర్చు మీది, డబ్బాలో మీకు తోచింది వేయండి. జర్మన్ రాకపోయినా వాకెల్‌కోంటాక్ట్ అని మూత చూపిస్తే వాళ్లకు అర్థమవుతుంది. గీత చూడగానే మా నాన్న డబ్బులు పోయాయని రాత్రంతా కూర్చోకండి, నేను కూర్చున్నాను. ఎక్కువసార్లు అది బాగయ్యేదే.

మా వీధి తమ్ముడికి కేబుల్ 900 రూపాయలకు దొరికింది. వేయించుకొచ్చి నా ముందే ఇరవై సార్లు తెరిచి మూశాడు, గీత రాలేదు. వెళ్లే రోజు వాళ్లింటికి పోతే, క్యాబిన్ బ్యాగులో ల్యాప్‌టాప్ అడుగున ఉంది, దాని మీద మామిడికాయ పచ్చడి ప్యాకెట్లు, సకినాల డబ్బా. అన్నీ తీయించాను. ఆ బరువు మూత మీద పడితే స్క్రీన్ మీద తెల్ల మచ్చలు పడతాయి, అవి ఇక పోవు. పచ్చడి, సకినాలు పెద్ద సూట్‌కేసులోకి పోయాయి. ల్యాప్‌టాప్ రెండు స్వెటర్ల మధ్య, నిలువుగా, పక్కన హెచ్‌డీఎంఐ కేబుల్.