పాత పెయింటు గీకే ముందు

2017 నవంబరుకు ముందు వేసిన రంగైతే అందులో సీసం ఉందనే అనుకోండి. మన దేశంలో పెయింట్లలో సీసానికి 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90 భాగాలు) పరిమితి అమల్లోకి వచ్చింది అప్పుడే. గోడ సున్నం కన్నా తలుపులు, కిటికీ ఊచల మీది ఎనామిల్ పొరలతోనే ఎక్కువ భయం.

– పొడిగా రుద్దొద్దు. నీళ్లు చల్లి, తడుపుతూ గీకండి. మంటతో కాల్చడం అసలే వద్దు, సీసం పొగై ఊపిరిలోకి పోతుంది.

– కింద టార్పాలిన్ పరచండి. నీళ్ల తొట్టి, తులసికోట కప్పండి.

– ముఖానికి తువ్వాలు చాలదు, సన్నటి ధూళిని ఆపే ఎన్100 లేదా పీ100 మాస్కు కావాలి. పనివాళ్లకూ మీరే కొనివ్వండి.

– పసిపిల్లల్ని, గర్భిణుల్ని పని ముగిసి ఇల్లు శుభ్రమయ్యేదాకా బంధువులింట ఉంచండి. ఇందులో మొహమాటం వద్దు.

– పెచ్చులు చీపురుతో ఊడ్వకండి. తడిగుడ్డతో తీసి, సంచిలో మూటకట్టండి. పని బట్టలు విడిగా ఉతకండి.