ముల్లు కదలని పాత ట్రాక్టర్‌ని దమ్ములోకి దించే ముందు

రోహిణి కార్తె ఎండకి పొలం నెర్రెలు ఇచ్చిన ఈ రోజుల్లోనే పాత బండి బానెట్ ఎత్తి చూసుకోవాలి. మృగశిర వచ్చి కాలవకి నీళ్లు వదిలారంటే మనకీ తీరిక ఉండదు, ఆటో ఎలక్ట్రీషియన్ ఫోనూ ఎత్తడు. బీ-275, మాసీ 1035 లాంటి ట్రాక్టర్లు ముప్పై నలభై ఏళ్లు దాటినా ఇంకా ఎన్నో ఊళ్లలో దమ్ము, అంటే నాట్లకి ముందు మడిని బురద చేసే పని, చేస్తూనే ఉన్నాయి. వాటి ఇంజన్లు గట్టివి. బోర్డు మీద మీటర్లు, వాటి వెనక వైర్లు మాత్రం ఎప్పుడో అలిసిపోయాయి.

ఈ బండ్లకి నడవడానికి కరెంటు అక్కర్లేదు. డీజిల్ పంపు, నాజిళ్లు అన్నీ మెకానికల్. సెల్ఫ్ తిరిగినంత సేపే బ్యాటరీతో పని. ఒకసారి ఇంజన్ అందుకుందంటే వైరింగ్ మొత్తం పోయినా అది తిరుగుతూనే ఉంటుంది, ఆపాలంటే స్టాప్ రాడ్ లాగాల్సిందే. అందుకే మీటర్లన్నీ చచ్చినా "నడుస్తోందిగా" అని వదిలేస్తాం. నేనూ అలాగే వదిలేశాను. టెంపరేచర్ ముల్లు రెండేళ్లు అడుగునే పడుకుని ఉంది. ఆ ఏడు దమ్ములో గడ్డీ నాచూ రేడియేటర్ జాలీకి అట్టకట్టి గాలి ఆడలేదు. ముల్లు ఉంటే పది నిమిషాల ముందే చెప్పేది. నాకు మాత్రం ఆవిరి లేచాకే తెలిసింది. హెడ్ గాస్కెట్ పోయింది, మర్నాటి నాట్లకి కూలీలను పిలిచి ఉన్నాను. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ముందు ప్రాణం సంగతి

సెల్ఫ్ పలకకపోతే స్క్రూడ్రైవర్ తీసుకుని సెల్ఫ్ మోటార్ బోల్టుల మీద అడ్డం పెట్టి స్టార్ట్ చేయడం మన దగ్గర మామూలు. దయచేసి ఆ అలవాటు మానండి. బండి గేరులో ఉందనుకోండి, ఇంజన్ అందుకున్న మరుక్షణం కదులుతుంది. అప్పుడు మీరు ఉండేది సరిగ్గా పెద్ద చక్రం ముందు. గేరు న్యూట్రల్‌లో ఉందని చేత్తో కదిపి చూసుకున్నాకే, పీటీఓ (వెనక పనిముట్టుని తిప్పే షాఫ్టు) తీసేసి, బ్రేక్ లాక్ చేసి, సీట్లో కూర్చుని తాళంతోనే స్టార్ట్ చేయాలి. తాళంతో కాకపోతే తప్పు ఎక్కడుందో వెతకాలి. న్యూట్రల్‌లో తప్ప సెల్ఫ్ తిరగకుండా కొన్ని బండ్లకి ఒక స్విచ్ ఉంటుంది. "అడ్డం వస్తోంది" అని దాని రెండు వైర్లూ కలిపేసిన బండి కొన్నారేమో ఒకసారి చూసుకోండి.

బ్యాటరీ జోలికి వెళ్లే ముందు ఉంగరం, చేతి కడియం, వాచీ తీసేయండి. పానా ఒక కొస పాజిటివ్‌కి, రెండో కొస బాడీకి తగిలితే మధ్యలో ఉన్న ఉంగరం క్షణంలో ఎర్రగా కాలుతుంది. విప్పేటప్పుడు బాడీకి వెళ్లే తీగ ముందు, బిగించేటప్పుడు అదే చివర. ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించవద్దు, అందులోంచి వచ్చే హైడ్రోజన్ నిప్పురవ్వకి పేలుతుంది. కంట్లో యాసిడ్ పడితే పక్కనే బిందెడు నీళ్లు ఉండాలి. ఫ్యాన్ బెల్టు తిరుగుతుండగా వంగి చూసేటప్పుడు మెడలో తువ్వాలు ఉండకూడదు.

బ్యాటరీ, దాని కన్నా ముఖ్యంగా ఎర్త్

వోల్టులు కొలిచే మల్టీమీటర్ నాలుగైదు వందలకే వస్తోంది, ఒకటి కొనండి. అందులో ఎర్ర వైరు ఆంపియర్ల రంధ్రంలో ఉండగా వోల్టులు చూడబోతే నేరుగా షార్ట్ అవుతుంది, అది గుర్తుంచుకోండి. రాత్రంతా ఊరికే ఉన్న బ్యాటరీ పొద్దున్నే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగం. సెల్ఫ్ తిప్పుతున్నప్పుడు తొమ్మిదిన్నర కన్నా కిందికి జారిపోతుంటే బ్యాటరీ ముసలిదైంది, లేదా ఛార్జి లేదు. మూతలున్న బ్యాటరీ అయితే ప్లేట్లు మునిగేలా డిస్టిల్డ్ వాటరే పోయండి, బోరు నీళ్లు కాదు. టెర్మినళ్ల మీది తెల్లటి చిలుముకి తినే సోడా కలిపిన నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి వదిలిపోతుంది. ఆ నీళ్లు సెల్‌ల లోపలికి మాత్రం పోనివ్వకండి.

బ్యాటరీ మంచిదే, సెల్ఫ్ మాత్రం మూలుగుతోంది అంటే నేనైతే ముందు ఎర్త్‌నే, అంటే కరెంటు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారినే అనుమానిస్తాను. చూడటం తేలిక. మల్టీమీటర్ ఒక మొన బ్యాటరీ నెగెటివ్ దిమ్మె మీద, రెండోది ఇంజన్ బ్లాకు మీద గీకిన చోట పెట్టి ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటిందంటే ఆ దారిలో ఎక్కడో తుప్పు ఉంది. ఇలాంటి ఎర్త్ వదిలేస్తే ఇంకో ముప్పు కూడా ఉంది. సెల్ఫ్ లాగే వందల ఆంపియర్లు వెనక్కి వెళ్లడానికి దారి దొరక్క యాక్సిలరేటర్ తీగ, స్టాప్ తీగల మీదుగా పోతాయి. ఆ తీగ పొగలు కక్కుతుంటే చాలామంది తీగ మారుస్తారు, ఎర్త్ మార్చరు.

మా బండికి ఒక సంక్రాంతికి ముచ్చటపడి రంగు వేయించాను. పండక్కి కొత్త పెళ్లికూతురులా ఉంది. పది రోజులకి వింత మొదలైంది. హెడ్‌లైట్ వేస్తే డీజిల్ ముల్లు పైకి లేస్తుంది, ఆర్పితే పడిపోతుంది. ఇద్దరు ముగ్గురు చూశారు, మీటరే మార్చమన్నారు. చివరికి బోర్డు వెనక ఎర్త్ బోల్టు విప్పితే వాషర్ కింద ఎర్ర రంగు పొర గాజులా గట్టిపడి ఉంది. ఉప్పు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, పైన కాస్త గ్రీజు పూస్తే సరిపోయింది. ఒక స్విచ్ వేస్తే దానితో సంబంధం లేని ముల్లు కదులుతోందంటే నూటికి తొంభైసార్లు అది ఎర్త్ గొడవే.

మీటర్లు ఒక్కొక్కటిగా

ముందు మీ టెంపరేచర్ మీటర్ ఏ రకమో తెలుసుకోండి. వెనక నుంచి సన్నటి రాగి గొట్టం ఇంజన్ దాకా వెళ్తుంటే అది మెకానికల్, దానికి కరెంటుతో పని లేదు. ఆ గొట్టం లోపల సీలు చేసిన ద్రవం ఉంటుంది. వైరు అనుకుని కోసినా, మరీ మడిచినా ఇక మీటరు మొత్తం మార్చాల్సిందే.

వైరు ఉన్న రకం అయితే, తాళం ఆన్ చేసి ఇంజన్ మీది సెన్సర్ నుంచి వైరు ఊడదీయండి. ముల్లు చల్లని వైపు ఉండాలి. ఆ వైరుని బాడీకి క్షణం సేపు తాకించండి, చాలా బండ్లలో ముల్లు వేడి వైపుకి పరిగెడుతుంది. అలా వెళ్తే మీటరూ వైరూ మంచివే, సెన్సర్ పోయింది. ఎక్కువ సేపు తాకించి ఉంచితే మంచి మీటరు కూడా కాలుతుంది. సెన్సర్ మార్చేటప్పుడు మరకి తెల్ల టేపు చుట్టకండి. నల్లా పనిలో అది మంచిదే. ఇక్కడ మాత్రం సెన్సర్‌కి బాడీ అందేది ఆ మర ద్వారానే.

డీజిల్ ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి తప్పు చూపిస్తే రెండూ కలిసి చావడం అరుదు. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది చూడాలి. అది ఫ్యూజు కావచ్చు, ఎర్త్ కావచ్చు, కొన్ని పాత బోర్డుల వెనక ఉండే చిన్న వోల్టేజ్ స్టెబిలైజర్ డబ్బా కావచ్చు. డీజిల్ ముల్లు ఎలాగూ బాగుపడకపోతే ట్యాంకులో ముంచి చూడటానికి శుభ్రమైన వెదురు పుల్లే చాలు.

ఆయిల్ ప్రెషర్ దగ్గర మాత్రం ఈ సర్దుబాట్లు పనికిరావు. దీపం ఉన్న బండి అయితే తాళం తిప్పగానే, ఇంజన్ స్టార్ట్ కాకముందు అది వెలగాలి. వెలగకపోతే "అంతా బాగుంది" అనుకోకండి, బల్బో వైరో పోయింది. స్టార్ట్ అయిన కొద్ది సెకన్లలో ఆరకపోతే వెంటనే స్టాప్ రాడ్ లాగండి. ముల్లు రకానికి సన్న గొట్టంలో నేరుగా ఇంజన్ ఆయిలే వస్తుంది. బోర్డు కింద చేయి పెట్టి ఆ గొట్టం తడిగా తగులుతోందేమో చూడండి. దమ్ము మధ్యలో అది తెగితే ఆయిల్ మీ కాళ్ల మీద పడుతుంది, ఇంజన్ పట్టేస్తుంది.

బ్యాటరీకి ఛార్జి వెళ్తోందో లేదో చూపించే ఆమ్మీటర్ ముల్లు స్టార్ట్ అవగానే ప్లస్ వైపు వెళ్లి, కాసేపటికి మధ్యకి దగ్గరగా దిగాలి. ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటే ఛార్జి చేసే డైనమో గానీ దాని బెల్టు గానీ చూడాలి. పాత డైనమో స్లోలో ఛార్జి ఇవ్వదు, అది జబ్బు కాదు. డైనమో బదులు ఆల్టర్నేటర్ ఉంటే కాస్త రేజ్ చేసి బ్యాటరీ మీద కొలిస్తే దాదాపు 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. ఛార్జింగ్ దీపం బల్బు మాడిపోతే కొన్ని ఆల్టర్నేటర్లు అసలు ఛార్జి మొదలే పెట్టవు. చిన్న బల్బు చూడకుండా ఆల్టర్నేటర్ విప్పినవాళ్లు ఉన్నారు. ఆల్టర్నేటర్ తిరుగుతుండగా బ్యాటరీ తీగ పీకి పరీక్ష చేయకండి, లోపల డయోడ్లు పోతాయి. కొత్త బ్యాటరీ వేసేటప్పుడు కూడా బాడీకి ఏ దిమ్మె వెళ్తోందో పాతది చూసి పెట్టుకోండి. పాత ఇంగ్లండ్ ట్రాక్టర్లు కొన్నిటికి పాజిటివ్ బాడీకి ఉండేది.

వాన, ఎలుక, వెల్డింగ్

వేసవిలో షెడ్డులో నిలబడ్డ బండి ఎలుకలకి పుట్టిల్లు. బోర్డు వెనక, బ్యాటరీ పెట్టె కింద టార్చి వేసి చూడండి. కొరికిన చోట ఇంటి వైరింగ్ వైరు వేయవద్దు, ఒంటి తీగ అదురుకి విరిగిపోతుంది. సన్న పోగుల ఆటో వైరే వేసి, సైలెన్సర్‌కి దూరంగా కట్టండి. రేకు రంధ్రంలోంచి వెళ్లే చోట రబ్బరు బుష్ పెట్టండి. ఫ్యూజు మాటిమాటికీ పోతుంటే సిగరెట్ రేకు చుట్టేవాళ్లకి ఒకటే మాట, ఫ్యూజు బదులు ఈసారి వైరింగే మండుతుంది.

దమ్ము చక్రాలకి వెల్డింగ్ పెట్టించేది కూడా ఈ రోజుల్లోనే. బండికి ఉండగానే పెట్టిస్తే ముందు బ్యాటరీ రెండు తీగలూ, ఆల్టర్నేటర్ ఉంటే దాని తీగలూ విప్పండి. వెల్డింగ్ ఎర్త్ క్లాంపు అతుకు పక్కనే పట్టాలి. ఎక్కడో టాప్ లింకుకి పడితే కరెంటు బేరింగుల గుండా పోతుంది. సాయంత్రం బురద కడిగేటప్పుడు ప్రెషర్ పైపు సెల్ఫ్ మీదికి, మీటర్ బోర్డు మీదికి తిప్పకండి. ట్రక్కు (ట్రాలీ) వెనక ఎర్ర లైటు కూడా ఇప్పుడే చూసుకోండి, వరి మోపులతో రాత్రి రోడ్డెక్కే రోజు దాకా ఎవరికీ గుర్తు రాదు.

మొదటి రోజు దమ్ములో అరగంట తిప్పాక గట్టున ఆపి, ఇంజన్ ఆర్పి, బ్యాటరీ తీగల చివర్లు, ఎర్త్ బోల్టు, ఆల్టర్నేటర్ వెనక నట్టు ఒక్కొక్కటీ వేలి కొసతో తాకి చూడండి. పక్కవాటి కన్నా ఏది చురుక్కుమంటే అక్కడ బిగింపు లూజుగా ఉంది.