ఇంట్లో కొవ్వొత్తి, 3వ పాఠం: మునిగిన వత్తి, ఆపని ఫ్యాను

పోయిన పాఠంలో వత్తి కత్తిరించమంటే చాలామంది మొదలంటా కోసేశారు. ఇప్పుడేమో వెలిగించిన రెండు నిమిషాలకే మినుకుమినుకుమని ఆరిపోతోందంటున్నారు. ఆరక ఏం చేస్తుంది? వత్తి 6 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే పెన్సిల్ మందానికి పిసరు తక్కువ. అంతకన్నా పొట్టిదైతే కరిగిన మైనంలో మునుగుతుంది. పొడుగైతే అవసరానికి మించి మైనం లాగుతుంది, అది పూర్తిగా కాలక మసి వస్తుంది.

మునిగినదాన్ని పారేయనక్కర్లేదు. సన్న కొవ్వొత్తయితే వత్తి చుట్టూ మైనాన్ని చాకుతో చెక్కండి. గాజు గ్లాసులో పోసిన రకమైతే కాసేపు ఎలాగోలా వెలిగించి, ఆర్పేసి, పైన కరిగిన మైనాన్ని మడిచిన టిష్యూతో అద్ది తీసేయండి. ఆర్పాకే సుమా! ఇకమీదట చల్లారిన తర్వాతే కత్తిరించండి. సన్నవాటికి నాకు కత్తెర కన్నా నెయిల్ కట్టరే నచ్చుతుంది. తెగిన ముక్క మైనంలో పడితే ఏరేయండి, అదీ అంటుకుంటుంది.

పళ్ళెంలో నాలుగు చుక్కలు కార్చి అతికించే అలవాటు మానండి. నున్నటి స్టీలును మైనం గట్టిగా పట్టదు, చల్లారితే ముడుచుకుని ఊడుతుంది. చిన్న స్టీలు గిన్నెలో రెండంగుళాల ఇసుక పోసి, అందులో అంగుళం లోతుకు గుచ్చితే చాలు.

ఇక ఫ్యాను. కరెంటు పోగానే అందరూ అగ్గిపెట్టె వెతుకుతారు, ఫ్యాను స్విచ్ మాత్రం వేసినది వేసినట్టే ఉంటుంది. కరెంటు రాగానే రెక్కలు తిరుగుతాయి. అప్పటిదాకా దూరంగా వేలాడిన కర్టెన్ మంట మీదికి ఊగుతుంది. లైట్లు కూడా వెలుగుతాయి కనుక కొవ్వొత్తి వైపు ఎవరూ చూడరు. పాలిస్టర్ కర్టెన్, నైలాన్ దోమతెర కాలడంతో ఆగవు, కరిగి కారి ఒంటికి అతుక్కుంటాయి. కాలే వస్తువులకు 30 సెంటీమీటర్ల దూరం అని మొదటి పాఠంలో చెప్పింది గాలి లేనప్పటి లెక్క. ఫ్యాను తిరిగే గదిలో ఆ లెక్క చెల్లదు. కాబట్టి ముందు స్విచ్, తర్వాతే అగ్గిపుల్ల. టేబుల్ ఫ్యానుకీ కూలరుకీ ఇదే వరస. ‘కరెంటు వచ్చాక ఆపేస్తాం లెండి’ అనేవాళ్ళు ఈ పేరా మళ్ళీ చదవాలి.

గ్లాసులో మైనమే అంటుకుంటే నీళ్ళు పోయకండి. నీరు ఒక్కసారిగా ఆవిరై మండే మైనాన్ని చిమ్ముతుంది. లోహపు మూత పెట్టేయండి.

అభ్యాసం: ఈ రాత్రి లైట్లన్నీ ఆర్పండి. ఫోను టార్చి వద్దు. ప్రతి గదిలో ఫ్యాను స్విచ్‌ను మొదటి తడుములాటలోనే పట్టుకోవాలి, తప్పితే గుమ్మం దగ్గర్నుంచి మళ్ళీ. ఇంట్లో పదేళ్ళు దాటినవాళ్ళంతా చేయాలి. తర్వాత ఇసుక గిన్నెలో కొవ్వొత్తి వెలిగించి, 20 నిమిషాలు దగ్గరే కూర్చోండి. మంట ఎటు వాలితే దానికి ఎదురు దిక్కునుంచి గాలి వస్తున్నట్టు. అది కిటికీయో, తలుపు సందో కనిపెట్టి రాసుకోండి. 4వ పాఠానికి ఆ కాగితం కావాలి.