వైజాగ్ ఉక్కపోతలో ఆక్సలాటల్ బ్రీడింగ్

న్యూట్‌లు, సాలమాండర్లు కప్పలకు చుట్టాలైన, బల్లిలా తోకుండే జీవులు, ఎక్కువగా చల్లటి చోట్ల బతుకుతాయి. మన దేశంలో న్యూట్ ఉండేది డార్జిలింగ్, ఈశాన్య కొండల్లో. దానికి చట్టరక్షణ ఉంది కాబట్టి ఎవరైనా అమ్ముతామన్నా కొనకండి. ఇంట్లో పెంచదగ్గది దాని చుట్టమైన ఆక్సలాటల్. దాని సొంత ఊరు మెక్సికోలోని సోచిమిల్కో కాలువలు. 1998లో అక్కడ చదరపు కిలోమీటరుకు 6,000 దాకా ఉంటే, 2014కి 40 కూడా మిగల్లేదు. ఇది సైటిస్ (వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలోని జీవి, అందుకే మన దగ్గర కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, పుట్టిన పిల్లల వివరాలు కూడా ఇవ్వాలి. ఆ పని ముందే చూసుకోండి.

జంట కోసం వెతికే ముందు నీళ్లు చల్లగా ఉంచగలరా లేదా చూసుకోండి. 16 నుంచి 18 డిగ్రీలు కావాలి, 24 దాటితే మేత మానేస్తాయి, ఒంటి మీద ఫంగస్ పడుతుంది. ట్యాంక్ మీద చిన్న ఫ్యాన్ పెడితే చాలని చాలామంది చెప్తారు, పొడి గాలి ఉన్న ఊళ్లో అది నిజమే, కానీ సముద్రపు తేమతో నిండిన మన గాలిలో నీళ్లు అంతగా ఆవిరి కావు, కాబట్టి పెద్దగా చల్లబడవు కూడా. నీళ్లను చల్లబరిచే యంత్రం, అంటే చిల్లర్ కొనాల్సిందే. దానికి ఇన్వర్టర్ కూడా కావాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్న ఊరు మనది. ఫ్రిజ్‌లో నీళ్ల సీసాలు ఎప్పుడూ గడ్డకట్టి ఉంచండి.

కుళాయి నీళ్లలో క్లోరిన్ విరగ్గొట్టే మందు కలపాలి. ఫిల్టర్‌లో బ్యాక్టీరియా కుదురుకుని టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ (వ్యర్థాల నుంచి పుట్టే విషాలు) సున్నాకి రావడానికి నెలకు పైనే పట్టొచ్చు. అప్పటిదాకా జీవిని తేవద్దు.

జంట ఒకే తల్లి పిల్లలు కాకూడదు. 1864లో మెక్సికో నుంచి పారిస్‌కు వచ్చిన 34 జీవుల సంతతే ప్రపంచంలో పెంపకంలో ఉన్న వాటిలో చాలా భాగం, అసలే రక్తం దగ్గరైపోయింది. మగదానికి తోక మొదలు దగ్గర ఉబ్బు స్పష్టంగా కనిపిస్తుంది, ఆడది గుండ్రంగా ఉంటుంది. ఆడదానికి ఏడాదిన్నర నిండాలి. కొన్ని వారాలు వేరుగా ఉంచి, నీళ్లు రెండు మూడు డిగ్రీలు తగ్గించి కలపండి. అడుగున గరుకు పలకరాళ్లు వేస్తే మగది వాటి మీద జిగురు ముద్దల్లాంటి వీర్యపు తిత్తులు పెడుతుంది, ఆడది వాటి మీదుగా నడిచి లోపలికి తీసుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో నాచు మొక్కల మీద గుడ్లు మొదలవుతాయి. వంద నుంచి వెయ్యి దాకా పెట్టొచ్చు. పెట్టడం అయిపోగానే పెద్దవాటిని తీసేయండి, గుడ్లు తినేస్తాయి. ఆ తర్వాత ఆడదానికి కనీసం ఆరు నెలలు విశ్రాంతి ఇవ్వాలి.

గుడ్డు చూడ్డానికి ఉడికిన సగ్గుబియ్యంలో ఆవగింజ ఇరుక్కున్నట్టు ఉంటుంది. ఆ గింజ కొన్నాళ్లకు చిక్కుడు గింజలా వంగుతుంది, తర్వాత తోక వస్తుంది, టార్చ్ వేస్తే లోపల మెలి తిరగడం కనిపిస్తుంది. తెల్లబడినవి వెంటనే ఏరేయాలి. రెండు మూడు వారాల్లో పిల్లలు బయటకు వస్తాయి. అన్నీ పెంచాలనుకోవద్దు. ముప్పై గుడ్లు ఉంచుకుని మిగతా గుడ్లను, ఆడది పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే డీప్ ఫ్రీజర్‌లో వేసేయండి. మనసు ఒప్పదు, నిజమే, కానీ పుట్టాక ఆకలితో చావడం అంతకన్నా ఘోరం.

పుట్టిన పిల్లలకు మొదటి రెండు మూడు రోజులు మేత వద్దు, పొట్టలో పచ్చసొన ఉంటుంది. తర్వాత కదిలే మేతే తింటాయి, అంటే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యల్లాంటి జీవులు, అప్పుడే గుడ్ల నుంచి పొదిగినవి. ఈ విషయంలో మనం అదృష్టవంతులం, భీమిలి తీరం పొడవునా రొయ్యల హేచరీలు వాడేది ఇదే, దాని గుడ్ల డబ్బా దొరకడం కష్టం కాదు. ఆ గుడ్లు పొదగడానికి లీటరు నీళ్లకు పాతిక గ్రాముల కల్లుప్పు, అడుగు నుంచి గట్టిగా గాలి, పైన లైటు కావాలి. 28 డిగ్రీల మన గది వేడికి మర్నాటికల్లా నారింజ రంగు మబ్బులా పొదుగుతాయి. మంచినీళ్లతో కడిగి రోజుకు రెండుసార్లు వేయండి, మిగిలింది పిపెట్‌తో లాగేసి నీళ్లు రోజూ మార్చండి.

ముందు కాళ్లు మొలిచే వేళ జాగ్రత్త. మొదటిసారి నేను అరవై పిల్లల్ని ఒకే టబ్బులో ఉంచి ఒక పూట మేత ఆలస్యం చేశాను. తెల్లారేసరికి సగానికి పైగా పిల్లలకు కాళ్లు లేవు, ఒకదాన్నొకటి కొరికేసుకున్నాయి. చాలావాటికి కాళ్లు మళ్లీ మొలిచాయి కానీ ఆ ఉదయం నేను మర్చిపోలేను. అప్పటి నుంచి సైజును బట్టి విడదీసి పెరుగు డబ్బాల్లో నాలుగేసి ఉంచుతున్నాను. రెండంగుళాలు దాటాక వానపాము ముక్కలు మొదలుపెట్టొచ్చు.

పిల్లలు ఎక్కువైతే మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ లాంటి మన జలాశయాల్లో వదలొద్దు, వేడికి అవి చస్తాయి, వాటి ఒంటి మీది ఫంగస్ రోగాలు మన కప్పలకు అంటుకోవచ్చు. మూడంగుళాలు వచ్చాక, పోర్టల్‌లో నమోదు చేసే ఒప్పందం మీద మాత్రమే నేను ఇస్తాను, అదీ వాళ్ల ట్యాంక్‌లోని థర్మామీటర్‌ని మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఫొటో తీసి పంపితేనే.